కల్పిందా, కల్సిందా

పోయిన సోమవారం పొద్దున పదకొండున్నరకు ఒకామె మా షెడ్డు గేటు దగ్గర నిలబడి, "కాంటాయన అంటే మీరేనా?" అని అడిగింది. నేనే అన్నాను. చేతిలోని పసుపు గుడ్డ మూట నాకు అందించింది.

"మా అక్క పోయి పన్నెండు దినాలైంది. ఇది మీకియ్యమని చెప్పిపోయింది."

ఏ అక్క అని అడగాల్సిన పని లేకపోయింది. మూట విప్పాను. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న అయస్కాంతం. ఎర్ర రంగు సగం ఊడిపోయింది. రెండు కొసలకూ ఇనుపరజను గడ్డంలా అంటుకుని ఉంది. అలవాటు కొద్దీ దాన్ని కాంటా మీద పెట్టాను. రెండు వందల పన్నెండు గ్రాములు చూపించింది. అయస్కాంతాన్ని కాంటా మీద పెట్టకూడదని, పెడితే కాంటా అబద్ధం చెబుతుందని నాకు చెప్పిందే ఆ పోయిన అక్క. ఆ సంగతి తీసిన తర్వాత గుర్తొచ్చింది.

మాది నాచారంలో చిన్న యూనిట్. ఫినాయిల్, బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, గిన్నెలు తోమే పొడి. నాలుగు సరుకులు, రెండు షెడ్లు, పదకొండు మందిమి. నేను కాంటా మీద ఉంటాను. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయినా లెక్క మీద ఆశ పోలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని నిష్పత్తి, శాతం, ఘనపరిమాణం ఒక్కొక్కటే సొంతంగా నేర్చుకున్నాను. నూరు లీటర్ల ఫార్ములా ఇస్తే అరవై ఏడు లీటర్లకు ఏది ఎంతో కాగితం లేకుండా చెప్పగలను. గొప్పకు చెప్పడం లేదు. అంకెల దగ్గర నేనెంత జాగ్రత్త మనిషినో ముందే చెబితే, తర్వాత జరిగింది ఎలా జరిగిందో తెలుస్తుంది.

ఆ అక్క మా స్టోరు చూసుకోవడానికి వచ్చింది. అంతకుముందు ఉప్పల్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై రెండేళ్ళు అటెండరు. అందుకే అందరికీ లేబక్క అయింది. చదివింది ఏడో తరగతి. ముందు బెంచీల పిల్లలకు లెక్చరర్లు చెప్పిన పాఠాలను వెనక సింకు దగ్గర గాజు గొట్టాలు కడుగుతూ ఇరవై రెండుసార్లు విన్న మనిషి.

"పిల్లలు ఒక్కపారి విని మర్శిపోతరు తమ్మీ. నాకు మర్శిపోయే మోకా యాడిది? మళ్ల జూన్ల అదే పాఠమాయె," అనేది.

గేటు బయట బండి దగ్గర చాయ్ ఇస్తే ఆమె వెంటనే తాగేది కాదు. గ్లాసును కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి, చాయ్ అంచును చూసేది. మొదట్లో చాయ్ బండి అతను తన కొలత మీద అనుమానమనుకుని అలిగాడు.

"తక్కువైతే చెప్పక్కా, పోస్త. గట్ల ఎక్స్‌రే తియ్యకు."

"తక్కువ కాలేదు బిడ్డా. కొలత గొట్టంల నీళ్లయితే నడుమ కింది గీత చదవాలె. చాయ్ లెక్క రంగుంటే పై గీత చదవాలె. అలవాటు, పోతలేదు."

ఏ వాసనా నేరుగా చూసేది కాదు. అన్నం డబ్బా మూత తీస్తే ముఖం వెనక్కి పెట్టి, అరచేత్తో గాలిని రెండుసార్లు తన వైపు విసురుకునేది. వంకాయ కూరకైనా అంతే, ఎవరో తలలో పెట్టుకోమని ఇచ్చిన మల్లెపూలకైనా అంతే. మా దగ్గర డ్రమ్ములు కడిగే సుగుణ గొంతు మిక్సరును మించి వినిపిస్తుంది. ఆమె ఈ విసురుకోవడం చూసి ఒకరోజు షెడ్డంతా దద్దరిల్లేట్టు నవ్వింది.

"లేబక్కా, అవి పూలే. కరవయి."

"పూలే అనుకున్న పిల్లా. అనుకునుడు వేరు, తెలుసుడు వేరు."

స్టోరులో చేరిన రోజే ఆమె చాక్‌పీసుల డబ్బా తెప్పించుకుంది. మా పదకొండు మందిలో ముగ్గురికి తెలుగు చదవడం రాదు, ఇద్దరికి ఏ చదువూ రాదు. అందుకని డ్రమ్ముల మీద అక్షరాలు వద్దంది. సున్నాలు గీసింది. ఒక్క సున్నా ఉంటే అందులో ఉన్నది ఒకటే పదార్థం, ఎంత విరగ్గొట్టినా ఇంకోటి రాదు. ఒకదానిలోకి ఒకటి దూరిన జంట సున్నాలుంటే రెండు పదార్థాలు కలిసిపోయి మూడోది పుట్టింది. ఎడంగా రెండు సున్నాలుంటే రెండూ పక్కపక్కనే ఉన్నాయి గాని దేని గుణం దానిదే. మూలకం, సమ్మేళనం, మిశ్రమం అనే పేర్లు ఆమెకు తెలుసు. మాకు మాత్రం ఆ పేర్లు చెప్పలేదు.

"ఒంటిది, కల్సింది, కల్పింది. గంతే. మనం కల్పితే కల్పింది. ఓపికుంటే మళ్ల ఏరు చేసుకోవచ్చు. అవ్వే కల్సిపోతే కల్సింది. జల్లెడ పట్టినా వదలది, నీళ్లల్ల ఏసినా వదలది."

అప్పటి నుంచి స్టోరులోకి ఏం వచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "కల్పిందా, కల్సిందా?" ఉప్పు కల్సింది. ఉప్పునీళ్ళు కల్పింది. చక్కెర కల్సింది. చాయ్ కల్పింది. ఒంటి సున్నాకు మాత్రం మా స్టోరులో ఏమీ దొరకలేదు. చివరకు మోటారు ఎర్తింగు రాగి పట్టీ మీద ఒక సున్నా గీసి తృప్తి పడింది. బ్లీచింగ్ పౌడర్ దగ్గర ఆమె చెయ్యి ఎప్పుడూ ఆగేది. పుస్తకంలో అది సమ్మేళనం అని రాశారట. కాని ఒక లెక్చరరు ఒకసారి, అది నిజానికి ఒకటే పదార్థం కాదు, కొన్నింటి కలయిక అన్నాడట. రెండు మాటలూ ఆమె సింకు దగ్గరే విన్నది. అందుకని ఆ డబ్బాల మీద రెండు సున్నాలు ఒకదానికొకటి తాకీ తాకనట్టు గీసేది. తెలియనిదాన్ని తెలియదని గీయగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

సుగుణ అడిగింది ఒకసారి, "మరి నేనేంది లేబక్కా?"

"నువ్వా? కల్పినదానివే. సగం నోరు, సగం నీళ్లు."

"నా పెండ్లో?"

"నీది నాకు తెల్వది. నాదైతే కల్పింది. మా నాయిన కల్పిండు. అందుకే మా ఆయన నన్ను ఇడిసిపోతుంటె ఏం కష్టం గాలే, చక్కగ ఏరైపోయింది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆమె సంసారం గురించి నాకు తెలిసింది ఆ ఒక్క మాటే.

ఆ అయస్కాంతాన్ని మొదటిసారి చూసింది ఒక ఆదివారం. మిక్సరు ఆపి ఉంది. నేను ఆమెతో వాదన పెట్టుకున్నాను. కల్పినా కల్సినా కాంటా మీద బరువు ఒకటే కదా, మరి తేడా ఎక్కడుంది అన్నాను. నాకు తూకంలో కనిపించని తేడా తేడాయే కాదు. ఆమె పక్క యూనిట్‌లోని లేతు మిషను కింద నుంచి ఇనుపరజను ఊడ్చుకొచ్చింది. సంచిలోంచి గంధకం పొడి, కాలేజీ వాళ్ళు పారేసిన గాజు గొట్టం, ఈ అయస్కాంతం తీసింది.

"జోకు తమ్మీ. ఏడు గ్రాముల ఇనుము. నాలుగు గ్రాముల గంధకం."

సెంటు తూచే చిన్న కాంటా మీద జోకాను. కాగితం మీద రెండూ కలిపాను. పదకొండు గ్రాములు. ఆమె అయస్కాంతం తిప్పగానే ఇనుము లేచి దానికి అంటుకుంది, పసుపు పొడి కాగితం మీదే ఉండిపోయింది. "ఇది కల్పింది," అంది. మళ్ళీ కలిపి గాజు గొట్టంలో పోసి, తలుపులు బార్లా తెరిచి, గాలికి వీపు పెట్టి కూర్చుని, స్టవ్వు మీద వేడి చేసింది. లోపల ఎర్రటి నిప్పు ఒకటి పుట్టి, స్టవ్వు తీసేసినా దానంతటదే పైకి పాకింది. చల్లారాక గొట్టం పగలగొడితే నల్లటి గడ్డ. ఆమె అయస్కాంతం దగ్గరకు తెచ్చింది. గడ్డ కదలలేదు.

"ఇప్పుడు చెప్పు. ఇనుమేది? గంధకమేది?"

నేను గడ్డను జోకాను. పది పాయింట్ ఎనిమిది. నాకు ఎక్కడలేని పట్టుదల వచ్చింది.

"అక్కా, రెండు పాయింట్లు తక్కువొచ్చింది."

"ఆ రెండు పాయింట్లు నీ ముక్కుల ఉన్నయి," అంది. నేను అప్పటికే దగ్గుతున్నాను. "గొట్టం మూతి తెరిచుంది గదా. పొగైపోయింది. పొగను ఎవరు జోకుతరు తమ్మీ?"

ఏడుకు నాలుగే ఎందుకు, ఐదు ఎందుకు కాకూడదు అని అడిగాను.

"కల్పుడు నీ ఇష్టం. ఎంతకెంతైనా కల్పు. కల్సుడు మాత్రం వాటి ఇష్టం. ఏడుకు నాలుగే. ఎక్కువేసినవనుకో, ఆ ఎక్కువ పక్కకు మిగిలిపోతది."

ఎన్నో ఏళ్ళుగా నిష్పత్తి లెక్కలు చేస్తున్నాను. నిష్పత్తి అనేది మనుషులు కాగితం మీద పెట్టుకున్న ఏర్పాటు అనుకునేవాణ్ణి. అది పదార్థంలోనే ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఆ పూట అన్నం సహించలేదు. అంత సంతోషం అయింది.

ఇప్పుడు ఆ డ్రమ్ము సంగతి చెప్పాలి.

అపార్టుమెంట్ల హౌస్‌కీపింగ్ వాళ్ళకు మేము సరుకు డ్రమ్ముల్లో పంపిస్తాం. ఖాళీ డ్రమ్ములు, మిగిలినవీ పాడైనవీ వాపసు వస్తాయి. లేబక్క చూసి గుర్తు గీయాలి. ఎడంగా రెండు సున్నాలు గీస్తే డ్రమ్ము కడిగే చోటికి పోతుంది. తోమే పొడి అంటే మార్బుల్ పొడి, బట్టల సోడా కలిపినదే. సోడా నీళ్ళకు పోతుంది గాని అడుగున పట్టిన మార్బుల్ పొడి వదలదు. దాని మీద పాత బాత్రూం యాసిడ్ ఒక మగ్గు పోస్తే నురగ వచ్చి వదులుతుంది. అందులో అపాయం లేదు. జంట సున్నాలు గీస్తే మాత్రం ఆమె వచ్చి ఇదేమిటో చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. బ్లీచింగుకు యాసిడ్ తగిలితే ఏమవుతుందో మా దగ్గర అందరికీ తెలుసు. మాకు రెండు షెడ్లు ఉన్నది ఆ రెంటినీ దూరంగా ఉంచడానికే.

నాలుగేళ్ళ కింద, శ్రావణంలో, నారపల్లి వైపు గేటు కట్టిన ఇళ్ళ వెంచరు ఒకదాని నుంచి డ్రమ్ము వాపసు వచ్చింది. పైన మా తోమే పొడి లేబులే. లోపల తెల్లటి గడ్డలు. వానల్లో తోమే పొడి గడ్డ కట్టడం మామూలే. బ్లీచింగు వాసన వచ్చిందా అంటే, ఇన్నేళ్ళు ఈ షెడ్డులో ఉన్న ముక్కుకు ఆ వాసన వేరుగా తెలియదు. ఆ పొద్దున లేబక్క షుగరు పరీక్షకు దవాఖానాకు పోయింది. లైన్లో ఉంది. ఫోను చేశాను.

"అక్కా, నారపల్లి డ్రమ్ము వాపసొచ్చింది. తోమే పొడిదే. గడ్డలున్నయి. ఏం గుర్తు పెట్టాలె?"

"గడ్డలా? వాసన చూసినవా?"

"నా ముక్కు సంగతి నీకెరికే గదక్కా."

నవ్వింది. అటు ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. ఇటు మిక్సరు తిరుగుతోంది.

"ఆ వెంచరోళ్లు ఏదంటే అది కల్పుతరు దాంట్ల. నమ్మొద్దు తమ్మీ. కల్పింది అని గీయి..."

తర్వాత ఇంకేదో అంది. టోకెన్ నంబరు అరుపులో కలిసిపోయింది. ఫోను పెట్టేసింది.

నాకు వినిపించింది అదే: కల్పింది.

నేను ఫోనులో అంకె విన్నానంటే తిరిగి చెప్పకుండా వదలను. పదహారు అంటే "ఒకటి ఆరు" అని, అరవై అంటే "ఆరు సున్నా" అని అవతలివాళ్ళతో అనిపించి గాని రాయను. నా ఈ చాదస్తం మీద షెడ్డులో అందరికీ నవ్వులాటే. ఆ రోజు తిరిగి చెప్పలేదు. అంకె కాదు కదా, మాటే కదా అనుకున్నాను. ఎడంగా రెండు సున్నాలు గీశాను. సుగుణ డ్రమ్ము దొర్లించుకుపోయింది.

కాంటా నుంచి కడిగే చోటుకు నలభై ఒక్క అడుగులు. అది మూడు వైపులా గోడలున్న చోటు. మధ్యాహ్నం ఆ డ్రమ్ము వంతు వచ్చాక సుగుణ గొంతుక్కూర్చుని యాసిడ్ మగ్గు పోసింది. నురగ వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే అనుకుంది. ఆ వెనకనే పచ్చటి పొగ వచ్చింది, ఆ గడ్డల్లో బ్లీచింగు ఉంది. ఆ పొగ పైకి లేవదు. బరువైనది, నేల మీదే పరుచుకుంటుంది.

అప్పుడే లేబక్క గేటు దగ్గర ఆటో దిగింది. సంచి అక్కడే పడేసింది. నల్లా కింద కొంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. సుగుణ లేవలేకపోతోంది, నేల మీదికి ఇంకా వంగుతోంది. లేబక్క ముఖం మీది కొంగు తీసి అరిచింది.

"లేవే! పైకి లే! పైకి!"

మూడుసార్లు అరిచింది. అరవాలంటే గాలి పీల్చాలి. ఆ సంగతి ఆ షెడ్డులో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. జబ్బ పట్టి సుగుణను నిలబెట్టి బయటికి లాక్కొచ్చింది.

నేను మిక్సరు ఆపాను. ఎందుకు ఆపానో ఇప్పటికీ తెలియదు. ఆ నిశ్శబ్దంలో ఇద్దరి దగ్గూ వినిపించింది.

మా సేటు పరుగెత్తుకొచ్చాడు. డ్రమ్ము మీద చాక్ గుర్తు చూసి, "కల్పింది అని ఎవరు గీయమన్నరు?" అని నన్ను అడిగాడు.

"నేను ఫోన్ చేసిన సేటూ. అక్క..." అన్నాను.

లేబక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. డ్రమ్ము మీది రెండు సున్నాలను చూసింది. నన్ను చూసింది. చాయ్ గ్లాసును చూసినట్టు, ఒక కన్ను కొంచెం మూసి.

"నేనే చెప్పిన. కల్పింది అని గీయమన్న," అంది.

సుగుణ రెండు రోజుల్లో లేచి తిరిగింది. లేబక్క తొమ్మిది రోజులు దవాఖానాలో ఉంది. ఆ తర్వాత సేటు ఇంక రావద్దని కబురు పంపాడు. ఆ వీధిలో ఇంకో రెండు యూనిట్లలో అడిగిందట. తప్పు గుర్తు చెప్పిన మనిషి అన్న మాట ఆమె కంటే ముందే అక్కడికి చేరింది.

ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. ఆమె కల్పింది అనే చెప్పిందని నిజంగానే నమ్మాను. వారం తర్వాత లెక్క కుదరడం మానేసింది. "నమ్మొద్దు" అన్నది. నమ్మొద్దు అన్న మనిషి కడగడానికి పంపమని ఎలా అంటుంది? నమ్మొద్దు, కల్పింది అని పక్కపక్కన పెట్టి చూస్తే కూడిక రావడం లేదు. నమ్మొద్దు, కల్సింది అని పెడితే వస్తోంది. ప స్థానంలో స. "ఏదంటే అది కల్పుతరు" అన్న మాట ముందే నా చెవిలో ఉంది. దాని వెనక వచ్చినదాన్ని కూడా అదే మాటగా విన్నాను. ఇది నాకు తేలిన లెక్క. రూఢి చేసుకోవడానికి ఒకటే దారి, ఆమెను అడగడం.

ఏడాది గడిచాక పోయాను. ఉప్పల్లో చెల్లెలి ఇంట్లో ఉంటోందని తెలుసు. నాచారం నుంచి బండి మీద పావుగంట. పావుగంట దారికి ఏడాది పట్టింది. పోయేసరికి చెల్లెలు పనికి పోయి ఉంది. లేబక్కే లేచి చాయ్ పెట్టింది. గ్లాసును కంటి ఎత్తుకు లేపింది. గీత నిలవడం లేదు. కాసేపు చూసి దించేసింది.

"ఏమన్న అడగనీకొచ్చినవా తమ్మీ?"

"లేదక్కా. ఊకెనే."

"ఊకెనే అయితే మంచిదే." దగ్గు వచ్చి, తగ్గింది. "సుగుణ మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"ఒక్కనాడన్న వస్తదేమో అనుకున్న. నామీద కోపం గావచ్చు. ఉండదా మరి. ఒకపారి రమ్మన్ననని చెప్పు."

చెప్తానన్నాను. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఇక్కడ రాయడానికే ఈ కాగితం పెట్టుకున్నాను. సుగుణ పోతే ఇద్దరూ మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటే ఫోనులో మాట బయటికి వస్తుంది. అంతే. వేరే కారణం లేదు. సుగుణ అన్నం తినేచోట కొత్తగా వచ్చిన వాళ్ళకు ఆ కథ చెప్పినప్పుడల్లా నేను అక్కడే ఉన్నాను. "లేబక్క లేబక్క అని నెత్తిన పెట్టుకున్నం. గా ఒక్క మాట తప్పు చెప్పి నన్ను సంపినంత పని చేసింది," అనేది. నేను ముద్ద మింగేవాణ్ణి.

సోమవారం గేటు దగ్గర అయస్కాంతం చేతిలో పట్టుకుని, ఆమెకు ఏమైందని చెల్లెలిని అడిగాను.

"డాక్టరేమో షుగరు, గుండె, ఊపిరితిత్తులు, అన్నీ కల్సి అన్నడు."

దేని పాలు ఎంత అని అడగాలనిపించింది. శాతం తెలిస్తే, నా వంతు ఎంతో తెలుస్తుంది. అడగలేదు. అలాంటి లెక్క ఏ డాక్టరూ చెప్పడు. అవి కలిపినవి కావు, కలిసిపోయినవి. ఆ రోజు ఎన్ని పాయింట్లు ఆమె లోపలికి పోయాయో ఎవరూ జోకలేదు.

చెల్లెలు వెళ్ళబోతూ ఆగింది.

"అన్నా, మా అక్క ఒక మాట మస్తుసార్లు అనేది. మీకు తెలుసో లేదో. 'నేను కల్సింది అన్న, ఆయనకు కల్పింది అని వినవడ్డది. అది ఫోన్ల చెప్పే మాటనా? గీసి చూపెట్టేదానికి నేను నోరు వాడిన. మాటతోని మోసం అయితదనే గదా సున్నాలు పెట్టిన. తప్పు నాదే' అనేది. నాకైతే సమజ్ కాలే. మీకేమన్న సమజైతదా?"

"అయితది," అన్నాను.

ఆమె ఆటో ఎక్కి పోయింది. నా లెక్క సరిగ్గా కుదిరింది. ఏ లెక్క కుదిరినా కలిగే సంతోషం నాకు ఆ పూట కలగలేదు.

అన్నం టైముకు సుగుణ దగ్గరికి పోయాను. నలభై ఒక్క అడుగులు. ఆమె డ్రమ్ము బోర్లించి దాని మీద కూర్చుని డబ్బా విప్పుతోంది.

"లేబక్క చనిపోయింది సుగుణా."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎప్పుడు?"

"పన్నెండు దినాలాయె." ఆగితే ఇంక చెప్పలేనని తెలుసు. "ఆ డ్రమ్ము గుర్తు ఆమె తప్పు చెప్పలే. కల్సింది అన్నది. నేను కల్పింది అని విన్న. సేటు ముందట నాకోసం మీదేసుకున్నది."

సుగుణ నా ముఖం వంకే చూస్తూ ఉంది. తిడుతుందనుకున్నాను. షెడ్డంతా వినేట్టు తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నన్ను గుంజుకొచ్చిన మనిషిని చూడనీకి నాలుగేండ్లల్ల ఒక్కసారి పోలే కాంటన్నా," అంది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. "తప్పు చెప్పింది గదా, ఎందుకు పోవాలె అనుకున్న. నన్ను అడిగిందా ఎన్నడన్న?"

ఇక్కడ లేదు అనొచ్చు. ఆ మాట నాలుక మీద సిద్ధంగా ఉంది.

"అడిగింది. ఒకసారి రమ్మన్నది. నీకు చెప్పమన్నది. నేను చెప్పలే."

ఆమె డబ్బా మూత పెట్టేసింది. చెయ్యి కడుక్కుంది. నన్ను దాటుకుని సేటు గదిలోకి పోయింది. తలుపు తెరిచే ఉంది. తన గొంతుతోనే, మిక్సరును మించి, మొత్తం చెప్పింది. పదిమందీ విన్నారు. సేటు బయటికి వచ్చి నన్ను చూసి, మళ్ళీ గదిలోకి పోయాడు. ఏమంటాడో నాకింకా తెలియదు.

మరుసటి రోజు రెండు డ్రమ్ములు వాపసు వచ్చాయి. లేబక్కను పనిలోంచి మాన్పించినప్పటి నుంచి గుర్తులు నేనే గీస్తున్నాను. మొదటిది విప్పి, ముఖం వెనక్కి పెట్టి, అరచేత్తో గాలి విసురుకుని చూశాను. లోపల నీళ్ళు పోసి, ఏది కరుగుతుందో, ఏది అడుగుకు దిగుతుందో కాచుకుని చూశాను. ఎడంగా రెండు సున్నాలు గీసి, "సుగుణా, కల్పింది!" అని కేక వేశాను.

ఆమె లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అడిగింది.

"ప-నా, స-నా?"

షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

"ప," అన్నాను.

"ఇంకోసారి చెప్పు."

"ప."

అప్పుడు లేచి వచ్చింది. నా ముఖం చూడకుండా సున్నాలను చూసి, డ్రమ్ము దొర్లించుకుపోయింది. రెండో డ్రమ్ముకూ అలాగే అడిగింది. ఈ రోజుకు తొమ్మిది డ్రమ్ములు. తొమ్మిదిసార్లు అడిగింది, ప్రతిసారీ రెండుసార్లు చెప్పించింది. మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకునే మాట అదొక్కటే.